ఊపిరి బిగబట్టిన ఫొటో

పొద్దున్నే ఎక్స్‌రే గది తలుపు తీయడం, బల్ల తుడవడం, వచ్చినవాళ్లను పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టడం, ఇదీ తమ్ముడి పని. వాళ్లక్కకే కాదు, ఆసుపత్రి మొత్తానికీ అతను తమ్ముడే. "ఊపిరి బిగబట్టండి" అని ఫొటో తీస్తాడు. "ఇక తీసుకోండి" అంటాడు. ఆ రెండో మాట మనిషికీ, ఫొటోకీ కూడా. అది వినగానే తెర మీద ఊపిరితిత్తులు మెల్లగా కదలడం మొదలెడతాయి. మనిషి ఉన్నన్నాళ్లూ కదులుతాయి, పోయిన రోజున ఆగుతాయి. అందులో వింతేముంది, ఏ ఆసుపత్రిలోనైనా అంతేగా.

ఫొటోలు చూసే డాక్టరమ్మ ఒక్కతే. ఫొటోలేమో కుప్పలు. ఎవరిది ముందు చూడాలో తెలియక ఆవిడ కళ్లు ఎర్రగా వాచిపోయేవి. అప్పుడొచ్చింది కొత్త యంత్రం. అన్నీ ముందు తనే చూసేసి, ప్రాణం మీదికొచ్చినవాటిని ఎర్ర గుర్తుతో పైన పెడుతుంది, మామూలువాటిని కిందికి తోస్తుంది. ఊపిరి మాటలు కూడా అదే చెబుతుంది, తియ్యటి ఆడగొంతుతో.

"కొత్త కోడలు వంటిల్లు సర్దినట్టు సర్దేస్తోందమ్మా" అన్నాడు తమ్ముడు.

"నిన్నూ నన్నూ కూడా సర్దేస్తుందిలే" అంది డాక్టరమ్మ. అన్నదే గాని, ఆవిడ ఇప్పుడు వెలుగుండగానే ఇంటికెళుతోంది.

అంతలో వాళ్లక్కకు దగ్గు పట్టుకుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. ఆవిణ్ణి పలక ముందు నిలబెట్టి, యంత్రం గొంతు ఆపేశాడు. మా అక్కకు నేను చెప్పుకోలేనా అనుకున్నాడు.

"ఊపిరి బిగబట్టవే అక్కా."

ఫొటో పడింది. రెండో మాట అనేలోపే, "నీ చొక్కా గుండీ ఊడిందిరా, చూసుకోవా? పేరుకి ఉద్యోగస్తుడివి" అంది అక్క. తమ్ముడు నేల మీద గుండీ వెతుక్కుంటూ ఆ మాట మరిచాడు.

ఫొటో కదల్లేదు. యంత్రం దాన్ని ఎర్ర గుర్తుతో అన్నిటికన్నా పైన పెట్టింది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "జబ్బు రెండు పక్కలా పాకిపోయింది తమ్ముడూ. మందులకు లొంగదు. ఊపిరి తీసుకోమన్నావా, ఇక కొన్నాళ్లే."

"అనకపోతే?"

"ఇలాగే ఉంటుంది."

తమ్ముడు అనలేదు. అక్క అలాగే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. అన్నానికి వాసన లేదు, నవ్వు సగంలో ఆగిపోయేది, పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఆసుపత్రిలో ఆవిడ ఫొటోను తమ్ముడు రోజూ అడుగుకు తోసేవాడు. యంత్రం రోజూ పైకి తెచ్చేది. "నీకు దండం పెడతాను తల్లీ" అని బతిమాలాడు. దానికి దండాలు తెలియవు.

ఒక మధ్యాహ్నం అక్క తనే వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఒరేయ్, ఇంకా ఎన్నాళ్లు బిగబట్టమంటావురా?"

"చెబితే పోతావే."

"ఇది మాత్రం బతుకా? నిన్ను కడుపారా తిట్టడానికైనా నిండా ఊపిరి కావాలి కదరా."

తమ్ముడు తెర వైపు తిరిగాడు.

"ఇక తీసుకో అక్కా."

ఫొటో ఒక్కసారి ఉలిక్కిపడి కదిలింది. వెనకాల అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. సూదీ దారం తెప్పించి, అప్పుడూడిన ఆ గుండీ కుట్టినంతసేపూ తనివితీరా తిట్టింది.

కొన్నాళ్లు ఆ ఫొటో కదిలింది. ఒక పొద్దున తమ్ముడు గది తలుపు తీసి, బల్ల తుడిచి, తెర వెలిగించాడు. అన్నిటికన్నా పైన ఉన్నది అక్క ఫొటో కాదు. వెతుక్కుంటూ కిందికి, ఇంకా కిందికి వెళ్లాడు. అన్నిటికీ అడుగున ఉంది, కదలకుండా. ఇంటికి ఫోను చేయాల్సిన పని లేకపోయింది. యంత్రం ఎర్ర గుర్తు తీసేసి, పక్కన తన చక్కని అక్షరాలతో రాసి పెట్టింది: తొందర లేదు.