దూలయ్య వెతికిన లారీ

తువ్వాల, లుంగీ, బీపీ మాత్రలు సంచిలో సర్ది, అన్నిటికన్నా పైన మడతపెట్టిన కాగితం పెట్టింది భీమక్క. కరెంటు ఆఫీసు లారీ డ్రైవరుగా రిటైరైన రోజున ఆమె భర్త దూలయ్య తీసుకున్న ముద్ర అది. తను తోలిన లారీ ఛాసిస్ మీద చెక్కిన నంబరుపై కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే అంకెలు తెల్లగా తేలాయి. ఆ తర్వాత లారీని వేలంలో అమ్మేశారు. నాలుగేళ్లుగా దూలయ్య ఆ కాగితం పట్టుకుని కనిపించిన ప్రతి పాత లారీ కిందా దూరుతున్నాడు.

"నా సవతికి పూలు గూడ పెట్టాల్నా?"

"ముందు దొరకనియ్యే. ముసల్దయింది, దానితోని ఏం పంచాయితి నీకు?"

"నేను పడుచుదాన్నా మరి?"

దూలయ్య నవ్వి చెప్పులు వేసుకున్నాడు. "ములకలపల్లిలనే ఉన్నదట గదా?"

"అవ్. జామాయిల్ కర్ర మోస్తున్నదట. జల్దీ పో, బస్సు పోతది."

అబద్ధం. ఆ లారీ పాల్వంచలోనే ఉంది. భీమక్క కూలి చేసే సలీం పాత ఇనుము దుకాణంలో మూడు రోజులుగా నిలబడి ఉంది.

కోతకు వచ్చిన బండ్ల మట్టి గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, నంబరు బయటపెట్టడం ఆమె పని. చదువు రాదు. అయినా కాగితం మీది చివరి నాలుగు అంకెలు ముగ్గులాగా కళ్లలో నిలిచిపోయాయి. మొన్న ఆకుపచ్చ రంగు గీకితే కింద కరెంటోళ్ల పసుపు కనిపించింది. తర్వాత ఆ అంకెలు. భీమక్క చుట్టూ చూసి, వాటి మీద మళ్లీ గ్రీసు పూసేసింది.

దూలయ్య ఆ లారీ తోలింది ఇరవై రెండేళ్లు. దసరాకు ఆమెకు చీర ఒక ఏడు ఉంటే ఒక ఏడు లేదు; దానికి మాత్రం ఏటా బంతిపూల దండ. దాని ఇంజను దగ్గితే వానలో కూడా బానెట్ ఎత్తేవాడు. ఆమె దగ్గితే దుప్పటి తలమీదికి లాక్కునేవాడు.

పది గంటలకు సలీం గ్యాస్ కట్టర్ తెప్పించాడు.

"భీమక్కా, ఇది కరెంటోళ్ల బండి లెక్కున్నది. మీ దూలయ్యది గాదు గద? ఆయనదైతే కోయించ. మాటిచ్చిన."

"గాదు సేటూ. నంబరు చూసిన."

"పక్కానా?"

"పక్కా."

నీలి మంట తగలగానే రంగులు పొరలు పొరలుగా ఉబ్బాయి. ఆకుపచ్చ, ఎరుపు, చివరికి పసుపు. భీమక్క టీకి కూడా లేవకుండా చూసింది. స్టీరింగు విడిపడి దొర్లుకుంటూ వస్తే కాలితో పక్కకు తన్నింది. పోతూ పోతూ బజారులో ఆయనకిష్టమైన ఎండుచేపలు కొన్నది.

పొద్దువాలాక ఫోను వచ్చింది.

"గీడ లేదే. అన్ని బండ్లు చూసిన. భద్రాచలం దాటి కుంట ఊరి దిక్కు గట్లాంటిదొకటి పోయిందంటుండ్రు. కర్ర లారీ పోతున్నది, ఎక్కుత."

చెప్పేయవచ్చు. ఇంటికి రా, ఇక్కడే ఉండె అని. ఉండె అంటే, ఇప్పుడేదీ అని అడుగుతాడు. ఆమె నోరు తెరిచింది.

"చేపల పులుసు చేసిన," అన్నది.

"పొద్దుగాల్ల వచ్చి తింట. దాచిపెట్టు."

దూలయ్య ఇక తిరిగి రాలేదు. ఆ ఫోను వచ్చిన రోజు రెండువేల ఇరవై మూడు మార్చి పద్నాలుగు, మంగళవారం.