గొడుగులో పడ్డ పిడుగు

పీఠభూమి మీది వాతావరణ కేంద్రంలో నేను అటెండరుగా ఉన్న రోజులవి. అక్కడి మబ్బులకు నోరు పెద్దది, చేతకానితనం అంతకంటే పెద్దది. చెవులు చిల్లులు పడేలా ఉరుముతాయి గాని, మెరుపులన్నీ వాటి కడుపులోనే. నేలకు దిగే పిడుగుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా సైంటిస్టు మేడమ్‌కు ఆ దిగేవాటి మీదే ధ్యాస. రెండేళ్లు రాసి రాసి ఒక సంగతి పట్టుకుంది. వాన తగ్గి మబ్బు తరలిపోయేటప్పుడు, ఒక్కోసారి ఒక్కటి దిగుతుంది. అన్నింటికంటే బరువైనది అదేనట.

"పోతూ పోతూ తలుపు విసిరికొట్టే ఆడపడుచులాగా!" అన్నాను. మేడమ్ నవ్విందే గాని రాసుకోలేదు.

ఆ మధ్యాహ్నం గాలివానకు డాబా మీది స్తంభం తీగ ఊడి, పిడుగుల్ని లెక్కపెట్టే యంత్రం మూగబోయింది. బాగుచేయడానికి లైన్‌మన్ వచ్చాడు. నా బావమరిదే. చినుకు ఆగీ ఆగకముందే గోడకు నిచ్చెన వేశాడు.

"ఆగండి, ఇంకొకటి ఉండొచ్చు" అంది మేడమ్.

"ఎండ కూడా వచ్చేసింది మేడమ్!"

"ఒరేయ్, నిజంరా" అన్నాను.

"నువ్వు నిజమన్నావంటే ఇక భయం లేదు బావా" అంటూ రెండు మెట్లెక్కాడు.

వీడికేమన్నా అయితే ఇంటికెళ్లి మా ఆవిడకు ఏ మొహం చూపించను? నిజం వాడి దగ్గర చెల్లలేదు. ఇక నాకొచ్చిన కోతల విద్యే మిగిలింది.

"సరే ఎక్కు. నా గొడుగులో పడ్డ పిడుగైతే మూడు రోజులు బయటికి దారి తెలియక ఊచల చుట్టూ తిరిగింది" అంటూ గదిలోకి నడిచాను.

"ఇనుప ఊచలేనా?" నిచ్చెన మీంచి అడిగాడు.

నేను వినబడనట్టు కూర్చున్నాను. వాడు దిగి లోపలికి వచ్చాడు.

"ఇనుముంటే నువ్వెలా బతికావు?"

"పిడి కర్రదిరా."

"తడిసిన కర్రయినా కొడుతుంది!"

"ఎలా తడుస్తుంది? గొడుగు కిందే పెట్టానుగా!"

మేడమ్ ఫక్కున నవ్వింది. వాడు కుర్చీ లాక్కున్నాడు. "అది కాదు బావా, అసలు కరెంటంటే..."

అప్పుడు గదంతా తెల్లబడింది. ఆ వెలుగు మామూలు మెరుపులా తళుక్కుమని పోలేదు, కాసేపు నిలబడింది. చప్పుడుకు కిటికీ అద్దం రాలింది. బయటికి వెళ్లి చూస్తే స్తంభం కొన కరిగి వంగింది. నిచ్చెన పైమెట్టు పొగలు కక్కుతోంది.

వాడు ఆ మెట్టునే చూస్తున్నాడు. మేడమ్ టైము రాసుకుంటోంది.

"బావా," అన్నాడు చివరికి, "మూడు రోజులయ్యాక ఆ పిడుగు ఏమైంది?"

మేడమ్ కూడా కలం ఆపి నా వంక చూసింది.