తట్టాడన్న

ఆ వీధిలో పాత సోఫాలకు కొత్త గుడ్డ వేసే మనిషిని కన్నతల్లి పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ అతను తట్టాడన్నే. కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చే కొత్తవాళ్ళు కూడా "తట్టాడన్న కొట్టు ఎక్కడండీ?" అని అడిగి మరీ వస్తారు. ఆ పిలుపుకు పలకడం అతను నేర్చుకున్నాడు గానీ, పలికినప్పుడల్లా ముక్కుపుటాలు అదురుతాయి. ఆ అదురు చూడటానికే రెండుసార్లు పిలిచేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సరదా పాడుగాను.

ఆ పేరు వెనకాల పదేళ్ళ కిందటి పోటీ ఒకటి ఉంది. అప్పట్లో అతను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో పేరున్న యోధుడు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే ఆట అది. చుట్టూ ఇనుప వల కట్టిన బోనులోకి ఇద్దరిని పంపి తలుపు వేస్తారు. టైటిల్ పోటీలో అతనికి ఎదురు నిలిచినవాణ్ణి అందరూ ఉడుము అనేవారు. పట్టుకున్నది వదలడు, తనను ఎవరు పట్టుకున్నా లొంగడు. అలాంటివాణ్ణి మనవాడు నాలుగు రౌండ్లు చితక్కొట్టాడు. చివరి రౌండులో వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి, వాణ్ణి తన మీదకు లాక్కుని వెల్లకిలా పడ్డాడు. కింద ఇతను, పైన ఉడుము, ఇద్దరి మొహాలూ కప్పువైపు. ఆ మెడపట్టు బిగిస్తే మెదడుకు రక్తం అందదు. తప్పించుకోలేనివాడు చేయగలిగింది ఒక్కటే. ఓడిపోయానని పట్టినవాడి ఒంటి మీద చేత్తో తట్టాలి.

తట్టాడు. తన ఎడమ తొడ మీద టపటపా తగిలిన ఆ చెయ్యి అతనికి స్పష్టంగా తెలిసింది. వెంటనే వదిలేశాడు. రిఫరీ చెప్పేదాకా వదలకూడదని పోటీకి ముందు గురువు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. కానీ సాధన చేసే హాల్లో చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మర్యాద వేరు. అక్కడ తోటివాడు తట్టిన మరుక్షణం వదలాలి. బుర్ర ఆలోచించేలోపే చేతులు ఆ మర్యాద పాటించేశాయి. మీదున్న మనిషిని పక్కకు తోసి, లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు పిచ్చిమారాజు.

రిఫరీ కుడివైపున మోకాళ్ళ మీద ఉన్నాడు. అతనికి ఆ ఎడమచెయ్యి కనబడలేదు, ఆట ఆపలేదు. పైకెత్తిన చేతులు పైనుండగానే ఉడుము కింద నుంచి రెండు కాళ్ళూ పట్టి లాగేశాడు. మీదెక్కి గుద్దాడు. లేవనివ్వలేదు. ఆట అయిపోయింది, గెలిచినవాడికిచ్చే బెల్టు ఉడుము నడుముకెక్కింది.

"తట్టాడు! తట్టాడండీ! వాడు తట్టాడు!" అని నెత్తురోడే నోటితో అతను బోనంతా తిరుగుతూ అరిచిన దృశ్యం ఊళ్ళో ప్రతి ఫోనులోనూ తిరిగింది. ఏ కెమెరాలోనూ ఆ చెయ్యి లేదు. ఆ పక్కన గుంజకు చుట్టిన మెత్త అడ్డమొచ్చింది. ఉడుమేమో "నేనా? తట్టడమా? నా చరిత్రలోనే లేదు" అన్నాడు. జనం ఉడుమును నమ్మారు. గెలిచినవాడి మాటకు ఉన్న విలువ ఓడినవాడి మాటకు ఎక్కడిది? ఆ తర్వాత అతను ఒక్క పోటీకీ వెళ్ళలేదు. మామగారి కొట్టు చేతికొచ్చింది. ఫోము, రెగ్జిను, స్ప్రింగులు, పిన్నులు, పట్టీలు, వీటితో కాలం గడిపాడు.

కొట్టులో అతనికో అలవాటు ఉంది. కొత్తగా వచ్చిన ఫోము చుట్టను ఒడిలోకి తీసుకుని, దాని చుట్టూ చెయ్యి బిగించి కళ్ళు మూసుకుంటాడు. ఫోము పిడికెడంత అయిపోయేదాకా బిగిస్తాడు. ఈసారి వదలను అనుకుంటాడు. ఎవడు తట్టినా, ఎవడు చచ్చినా వదలను అనుకుంటాడు. కుట్టుమిషను దగ్గర కూర్చుని కవర్లు కుట్టే భార్య అది చూసి కూడా చూడనట్టు దారం ఎక్కించుకుంటుంది. బావమరిది మాత్రం ఊరుకోడు. సామాను బండి తోలే ఆ మనిషికి నోరు బండికన్నా వేగం.

"పాపం బావా, అదేం తప్పు చేసింది? వదిలెయ్, తడుతోంది!"

ఇలా నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బావమరిది రొప్పుతూ కొట్టులోకి వచ్చాడు. ఆ పోటీకి పదేళ్ళు నిండాయని ఒక టీవీ చానల్ వాళ్ళు కార్యక్రమం చేస్తున్నారట. పాత సామానులో, బోను పైన కప్పుకు బిగించిన కెమెరా తీసిన వీడియో దొరికిందట. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ వాడలేదు. ఆదివారం స్టూడియోకు రమ్మని, ముందుగా చూసుకోమని ఇద్దరు యోధులకూ ఒక ముక్క పంపారు.

"బావా, నేను చూశాను. నువ్వు కూర్చో ముందు. అక్కా, మిషను ఆపవే!"

గోడకున్న చిన్న టీవీలో బొమ్మ వచ్చింది. పై నుంచి చూస్తుంటే బోను పళ్ళెంలా గుండ్రంగా ఉంది. నడుమ రెండు ఒళ్ళు. కింద తను, పైన ఉడుము. తన మోచెయ్యి అడ్డంగా ఉండటంతో కుడిపక్కనున్న రిఫరీకి ఉడుము మొహం కనబడే వీల్లేదు. ఎడమపక్కన, గుంజ దగ్గర, ఒక చెయ్యి. ఆ చెయ్యి లేచి తొడ మీద పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది.

"తట్టాడు!" అని బావమరిది గావుకేక పెట్టాడు. "తట్టాడే అక్కా! బావ చెప్పింది నిజమే!"

పదేళ్ళు అరిచి గీపెట్టినా ఒక్కడూ నమ్మని మాట, గోడ మీద అందరికీ కనబడేలా కదులుతోంది. అతను సగం విప్పిన సోఫా చట్రం మీద కూలబడ్డాడు. అప్పుడు భార్య అతని వైపు తిరిగింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"ఏమండీ," అంది మెల్లగా. "అయితే... నిజంగానే తట్టాడా?"

పిడుగు పడితే ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. ఊరు నమ్మలేదంటే సరే. ఎగతాళి చేసే ప్రతివాడితోనూ కొంగు బిగించి పోట్లాడిన మనిషి ఈమె. "మా ఆయన అబద్ధమాడరు" అని పెళ్ళిళ్ళలో, బస్సుల్లో తగువు పెట్టుకున్న మనిషి.

"నువ్వు కూడా నమ్మలేదా?" అన్నాడు.

"నమ్మాలనే అనుకున్నానండీ. రోజూ అనుకున్నాను. దెబ్బలు తగిలి మీకు అలా అనిపించిందేమోనని... ఏం చెయ్యను, లోపల పురుగు తొలిచేది." ఆమె దగ్గరకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు పోయింది. నన్ను తిట్టండి, మీ ఇష్టం. ఇప్పుడు పోయిందండీ."

ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. అంత తేలికపడ్డ మొహాన్ని అతను చూసి ఎన్నేళ్ళయిందో. ఇంతలో బావమరిది ఉత్సాహం పట్టలేక వీడియోను మళ్ళీ పెట్టాడు. ఈసారి నెమ్మదిగా నడిపించి, పెద్దది చేశాడు. ఊరందరికీ పంపాలి, ఆ ఉడుముగాడి మొహాన కొట్టాలి అని ఏదేదో వాగుతున్నాడు. అందరూ చేతినే చూస్తున్నారు. పదేళ్ళుగా చేతి గురించే ఆలోచించిన అతను మాత్రం, ఏ బుద్ధి పుట్టిందో, మొహం వైపు చూశాడు.

ఆ మొహాన్ని అతను ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాడు? అప్పుడతను దాని కిందే ఉన్నాడు.

ఉడుము కళ్ళు తేలేశాడు. నల్లగుడ్లు లేవు, తెల్లగా ఉన్నాయి. నోరు పక్కకు వంకరపోయింది. దవడ కొట్టుకుంటోంది. పాదం కూడా ఎగిరి పడుతోంది, చేతితో పాటే, అదే తాళంలో. సాధన చేసే హాల్లో ఇలాంటిది అతను ఒకటి రెండుసార్లు చూశాడు. తెలివి తప్పిన ఒళ్ళు చేసే పని అది. అడిగినా ఆగదు, చెప్పినా వినదు.

ఉడుము తట్టలేదు. తట్టడానికి ఆ మనిషి అక్కడ లేడు.

అతను కొయ్యబారిపోయాడు. పక్కన భార్య అతని భుజం మీద తల పెట్టుకుని ఉంది. ఇప్పుడే కుదుటపడిన ఆ తలను కదిలించడానికి అతనికి ధైర్యం చాల్లేదు. నోరు మూసుకుంటే చాలు. ఆదివారం టీవీలో కూర్చుంటే చాలు. చెయ్యి అందరికీ కనబడుతుంది, మొహాన్ని ఎవరూ చూడరు. ఊరు తలవంచుకుంటుంది, భార్య తలెత్తుకుంటుంది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి? సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ క్షణంలో అతను నోరు మూసుకోవాలనే అనుకున్నాడు.

సాయంత్రం ఇంకా కాకముందే కొట్టు ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. చేతిలో కూరల సంచి. బావమరిది ముందు గుర్తుపట్టి, సుత్తి అందుకోబోయి, అక్క గుడ్లురిమితే ఆగాడు.

ఉడుము సంచిలోంచి బెల్టు తీసి, పిన్నుల డబ్బాల మధ్య బల్ల మీద పెట్టాడు. ముందున్న పసుపు రేకు అక్కడక్కడా వెలిసిపోయింది.

"వీడియో చూశాను," అన్నాడు. "నా ఒట్టు, నాకేం గుర్తులేదు. తట్టలేదనే అనుకున్నా. నా పిల్లలకీ అదే చెప్పుకున్నా. నిన్ను స్టేజీ ఎక్కి మరీ వెక్కిరించా. కానీ చెయ్యి నాదే కదా, కళ్ళారా చూశాక ఇంకేం అంటాను? ఇది నీది. తీసుకో. తిట్టాలనుంటే తిట్టు."

భార్య బెల్టు వైపు చూసి, భర్త వైపు చూసింది. తీసుకోండి అన్నట్టు ఆమె గడ్డం కొద్దిగా కదిలింది.

అతను బెల్టు ముట్టుకోలేదు.

"నేను మెడ పట్టిన తర్వాత నీకు మొదట గుర్తున్నదేంటి?" అని అడిగాడు.

"నీ కాళ్ళు," అన్నాడు ఉడుము. "ఎక్కడున్నానో తెలీదు. ఎదురుగా రెండు కాళ్ళున్నాయి. పట్టుకున్నా."

అతను లేచి టీవీ పెట్టాడు. ఒకచోట ఆపి, మొహం మీద వేలు పెట్టాడు. "చేతిని వదిలెయ్. ఇక్కడ చూడు," అన్నాడు. అతని వీపు భార్య వైపు ఉంది. తిరిగి ఆమెను చూడాలంటే భయం వేసింది. "నువ్వు తట్టలేదు. నీకు తెలివి లేదు. ఒళ్ళు కొట్టుకుంది, అంతే. నేను తట్టావనుకున్నాను."

ఉడుము టీవీకి దగ్గరగా వెళ్ళాడు. తన తెల్లకళ్ళను తనే చాలాసేపు చూశాడు. తర్వాత ఒక చెయ్యి గొంతు మీదకు పోయింది. వెనక్కి వెనక్కి నడిచి, స్ప్రింగులు బయటపడ్డ కుర్చీలో చతికిలబడ్డాడు. కుర్చీ కిర్రుమంది.

"ఇంకాసేపు పట్టుకునుంటే?" అన్నాడు చివరికి.

"రిఫరీ చూసేవాడు. ఆట ఆపేవాడు. బెల్టు నాకొచ్చేది."

"చూడకపోతే?"

వాగుడుకాయ బావమరిది వెళ్ళి టీవీ ఆపేశాడు.

"మంచినీళ్ళు ఉంటే ఇస్తావా అమ్మా," అన్నాడు ఉడుము. భార్య లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చింది. దాన్ని ఉడుముకు ఇచ్చాక వచ్చి భర్త పక్కన నిలబడింది. చాలా దగ్గరగా నిలబడింది. కోపమో జాలో తెలుసుకోవడానికి అతను ఆమె మొహం చూడబోయేలోగా, "మీకు తట్టినట్టే తగిలింది, మీరు తట్టాడనే చెప్పారు," అంది. "అందులో అబద్ధం ఎక్కడుంది? ఈ ముక్క కోసమా ఇందాకట్నుంచి రాయిలా కూర్చున్నారు?"

అతను ఏదో అనబోయాడు. కానీ చూపు ఉడుము మీద నిలిచిపోయింది. ఉడుము తల వెనక్కి వాల్చి గటగటా నీళ్ళు తాగుతున్నాడు. ప్రతి గుక్కకూ గొంతులో ముడి పైకి లేచి కిందికి దిగుతోంది.

పదేళ్ళు ఆ గొంతును అతను మనసులో వదలకుండా పట్టుకున్నాడు. ఫోము చుట్ట దొరికితే ఫోము చుట్టతో, నిద్ర పట్టకపోతే దిండుతో. ఈసారి వదలను, చచ్చినా వదలను అని రోజూ అనుకున్నాడు. అనుకున్నట్టు ఒక్కసారి జరిగి ఉంటే, ఈ కుర్చీలో ఎవరు కూర్చునేవారు? ఇతని పిల్లలకు నాన్న గురించి ఎవరు చెప్పేవారు? అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆపుదామంటే ఆగలేదు. సోఫా చట్రం మీద కూర్చుని, వాటిని రెండు తొడల మధ్య దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఉడుము గ్లాసు దించి కంగారుగా చూశాడు. "ఏమైంది? బెల్టు గురించా? తీసుకోమంటున్నా కదా!"

అతను బెల్టు వైపు చూడనైనా చూడలేదు.

"ఇంకో గ్లాసు తాగు," అన్నాడు.

ఉడుము అర్థంకాక భార్య వైపు చూశాడు. ఆమె గ్లాసు అందుకుని మళ్ళీ నింపి తెచ్చింది. ఉడుము తాగాడు. అడుగంటా తాగేదాకా అతను ఆ గొంతునే చూస్తూ కూర్చున్నాడు.