ఒంటిచేత్తో వెలిగే మంట

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. ఎల్బీనగర్ చౌరస్తాలో సిటీ బస్సు కనిపించి ఎన్నాళ్ళయిందో జనం మాట్లాడుకుంటున్నారు. సూర్యప్రభ గోడు వేరే. గంగాధరరావుకి నొప్పి బిళ్ళలు అయిపోయి ఆ రోజుకి ఆరు రోజులు.

గంగాధరరావు తణుకు వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పాడు. ఎప్పుడో చదువుకున్న శిష్యుడు చైతన్యపురిలో ఎదురైతే పేరూ, రోల్ నంబరూ, ఏ లెక్క దగ్గర తడబడేవాడో కూడా చెప్పేవాడు. అలాంటి మనిషికి పేగులో పుట్టిన క్యాన్సర్ వెన్నులోకి పాకింది. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నారు. ఆ నొప్పి తెలియకుండా చేసే బిళ్ళ మాత్రం ఏ మందుల షాపులోనూ లేదు. అది దొరికే పెద్ద దవాఖానలో సంతకం పెట్టాల్సిన డాక్టరు సమ్మెలో ఉన్నాడు. సూర్యప్రభ రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

అప్పుడు వచ్చాడు ఆమె అక్క కొడుకు నాగార్జున. మాదాపూర్‌లో ఉద్యోగం. తలుపు వేసి, జేబులోంచి బొటనవేలంత గాజు సీసా తీశాడు. అందులో పాకం ముదిరి గడ్డకట్టినట్టు ఏదో ఉంది.

"గంజాయిదే పిన్నీ. ఆకు కాదు, దాని సారం. మా స్నేహితుడి నాన్నకి దీనితోనే నిద్ర పట్టింది."

ఒక గాజు గొట్టం కూడా ఇచ్చాడు. దాన్ని వేడిచేసి, సారం పిసరంత అంటిస్తే లేచే పొగ పీల్పించాలి. "సిగరెట్ లైటర్‌తో వద్దు. మసి పడితే బాబాయి దగ్గి దగ్గి చచ్చిపోతాడు. కంసాలివాళ్ళ గ్యాస్ టార్చి ఉంటుంది చూడు, అది కొను," అన్నాడు. గుమ్మం దాటుతూ, "నా పేరు ఎక్కడా రానీకు పిన్నీ," అన్నాడు.

జన్మలో టికెట్ లేకుండా బస్సెక్కని మనిషి సూర్యప్రభ. ఆ సీసాని పప్పు డబ్బాలో దాచి, మొగుడి పక్కన పక్కింటి నాగేశ్వరిని కూర్చోబెట్టి, షేర్ ఆటో ఎక్కింది.

కొత్తపేట దగ్గర ఉద్యమకారులు రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటో ఆగిపోయింది. దిగి నడుస్తుంటే ఒక పెద్దావిడ గరిటె ఎత్తి, "అక్కా, జర బువ్వ తినిపో!" అని పిలిచింది. నోరు విప్పితే తన కోస్తా యాస బయటపడుతుందని సూర్యప్రభ తల మాత్రం ఊపి ముందుకు సాగింది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదేమో. కానీ ఆ రోజుల్లో ఆమెకి అన్నిటికీ భయమే.

దిల్‌సుఖ్‌నగర్ సందులో కంసాలి పనిముట్ల దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. దుకాణందారు వెంకటేశ్వర్లు సరూర్‌నగర్ పాత ఊరివాడు, అరవై దాటినవాడు. బంగారప్పని ఇక చేతకాక అమ్మకానికి కూర్చున్నాడు.

"ఏం గావాలె అమ్మా?"

"గ్యాస్ టార్చండీ."

"ఏం పనికి?"

"వంటకి. వంకాయలు కాల్చడానికి."

"మీ ఇంట్ల వంకాయ పొయ్యి మీద కాలుతలేదా?" అని నవ్వాడు గాని, మూడు తీసి బల్లమీద పెట్టాడు.

మొదటిది ఫ్రిజ్ మెకానిక్కులు వాడేది. ముట్టించగానే హోరుమంది. సూర్యప్రభ అడుగు వెనక్కి వేసింది. ఇంట్లో చెంచా కిందపడినా గంగాధరరావు ఒళ్ళు ఎగిరిపడుతోంది. "చప్పుడు లేనిది చూపించండి," అంది.

రెండోది చవక సరుకు. మంట పసుప్పచ్చగా ఊగింది. ఆమె దాన్ని కాస్త పక్కకి వంచి చూసింది. భగ్గున ఎగజిమ్మింది.

"అగ్గువది గట్లనే ఉంటది," అన్నాడు.

మూడోది పిడికిట్లో పట్టేంత ఉంది. సన్నగా, నీలంగా, సూదిలా నిలబడింది మంట. ఎటు వంచినా అలాగే ఉంది.

"ఒంటిచేత్తో వెలిగించొచ్చా? రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి," అంది. తర్వాత ఆగలేక, "పక్కన దుప్పట్లవీ ఉంటే ప్రమాదమా?" అని అడిగేసింది.

వెంకటేశ్వర్లు మంట ఆర్పాడు. "వంటింట్ల దుప్పట్లెందుకుంటయి అమ్మా?"

ఆమె నేలచూపులు చూసింది. ఆయన తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు: "మా ఇంటామె కిష్టమ్మ గొంతుల గడ్డతోని పోయింది. నాలుగు నెలలు. గోడకు తలకాయ కొట్టుకునేది. నేనేం తేలేకపోయిన."

ఇక ఏమీ అడగలేదు. బల్ల ఇవతలికి వచ్చి, మంట ఎంత పొడుగుండాలో, ఎలా పట్టాలో, ఆరిపోయాక కూడా మూతి ఎంతసేపు కాలుతుందో చూపించాడు. ఆమె చేత పదిసార్లు వెలిగింపించాడు. నాలుగోసారి బొటనవేలు కాలింది.

"భయపడితే చెయ్యి వణుకుతది, వణికితే కాలుతది," అన్నాడు. పొట్లం కట్టి ఇస్తూ, "దీనితోని ఏదో అయితదని ఆశ పెట్టుకోకు బిడ్డా. పైలం," అన్నాడు.

ఇంటికొచ్చాక మొదటిసారి ఆమె తొందరపడింది. గాజు మరీ కాలింది. ఒక్క గుక్కకే గంగాధరరావు దగ్గడం మొదలుపెట్టి పావుగంట ఆగలేదు. దగ్గినప్పుడల్లా వెన్ను విరిగినట్టు మూలిగాడు. సూర్యప్రభ ఎడమచేత్తో ఆయన తల పట్టుకుని, "తప్పయిపోయిందండీ, తప్పయిపోయింది," అంటూ ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నిదానించింది. కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది, మంట నిలకడగా ఉంది. రెండు గుక్కలు పీల్చాడు. కాసేపటికి బిగిసిన దవడ వదులైంది. వారం రోజులుగా పిడికిలి పట్టి ఉన్న చేతివేళ్ళు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. ఆమె దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టబోయింది.

"మీరెవరండీ?" అన్నాడు గంగాధరరావు మర్యాదగా.

నవ్వులాటనుకుంది. "నేనండీ, సూర్యని."

"మా ఆవిడ పేరూ అదే," అని ఆశ్చర్యపోయి, కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రానికి మందు దిగింది, నొప్పి ఎక్కింది. దానితోపాటు ఆయనకి భార్య గుర్తొచ్చింది. "సూర్యా, తట్టుకోలేనే. మళ్ళీ వెలిగించు." పొగ పీల్చాక ఆమె మళ్ళీ ఎవరో పరాయిది. రోజూ అదే వరస. వెలిగించబోయే ముందు ఆమె ఏదో ఒకటి మాట్లాడించేది. "మొన్న కలలో మీ అమ్మ కనిపించిందన్నారే, ఏమందీ?" అని అడిగేది. ఆయన పళ్ళు బిగపట్టి రెండు ముక్కలు చెప్పేవాడు. మూడో ముక్కకి మాట మూలుగయ్యేది. ఆ రెండు ముక్కల కోసం ఆయన్ని అంతసేపు బాధపెడుతున్నానని తెలిసి కూడా, మర్నాడు మళ్ళీ అడిగేది.

తొమ్మిదో రోజున సీసా అడుగు కనిపించింది. నాగార్జునకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. సూదితో గీకి చివరి పిసరు కూడా పట్టించింది. ఆపైన ఏమీ లేదు.

తర్వాత నాలుగు రోజులు ఒట్టి నొప్పే. బస్సులు మళ్ళీ తిరగడం మొదలైన మర్నాడు ఆమె పెద్ద దవాఖానకి పరిగెత్తింది. డాక్టరు ఉన్నాడు, బిళ్ళలు లేవు, వారం పడుతుందన్నారు. ఇంటికొచ్చేసరికి వీధి మొదట్లోకే కేక వినిపించింది.

"సూర్యా!"

గంగాధరరావు ఆమెని తప్ప ఇంకెవర్నీ పిలవలేదు. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నా పిలుస్తూనే ఉన్నాడు. మనిషిని గుర్తుపట్టాడు, కళ్ళలోకే చూశాడు, పేరు పొల్లు పోకుండా పలికాడు. అన్ని రోజులు ఆ పిలుపు కోసం మొహం వాచిపోయిన మనిషి, ఇప్పుడది ఆగిపోతే చాలని మొక్కుకుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఆగింది.

పదో రోజు కర్మకి నాగార్జున వచ్చాడు. చుట్టాలు కాస్త పక్కకి వెళ్ళినప్పుడు గొంతు తగ్గించి, "ఆ సీసా పారేశావా పిన్నీ?" అని అడిగాడు.

"అయిపోయింది," అంది సూర్యప్రభ. "నీకు ఫోన్ చేశాను."

అతను తలెత్తలేదు. విస్తళ్ళు వేస్తున్నారని ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది.