చెప్పకూడని చోటు

బొరియలోంచి బుడగలు వస్తున్నాయి.

లోపల పీత ఉంది... కదలడం లేదు.

రావమ్మ కూడా కదలడం లేదు. మడచెట్ల మధ్య, మోకాలి లోతు బురదలో, ఫోను పట్టుకుని నిలబడింది. పాయలోకి పోటు నీళ్ళు ఎక్కుతున్నాయి.

చోటు చెబితే పీత పోతుంది — అమ్మ మాట అది. అమ్మకు వాళ్ళమ్మ చెప్పిన మాట. నాగాయలంక దిగువన పీతలు పట్టే యానాదులందరి మాట. ఎక్కడ పడ్డాయని ఎవరైనా అడిగితే, ఇటు పట్టి అటు చూపించాలి. అలా చూపించడంలో రావమ్మ తర్వాతే ఎవరైనా. కన్నకూతురికి కూడా ఈ చోటు ఇంకా చూపించలేదు.

అందుకే విజయవాడ నుంచి స్వచ్ఛంద సంస్థ తరఫున హెప్సిబా మేడమ్ వచ్చి, ఫోనులో మ్యాపు గీయడం నేర్పి, "మీరు వేటాడే చోట పాయింటు పెట్టండమ్మా" అంటే... రావమ్మ వెళ్ళి పడవల రేవులో పెట్టింది. మచ్చుకైనా ఒక్క పీత దొరకని రేవు.

అందరూ అక్కడే పెట్టారు.

దొంగలంతా ఒకే గడ్డివాములో దాక్కున్నట్టు.

పొద్దున మేడమ్ గోడ మీద మ్యాపు వేసి చూపించారు. రేవు నిండా ఎర్ర చుక్కలు. ఈ పాయ మాత్రం ఖాళీ.

"ఇక్కడ ఎవరూ వేటాడరాండీ? మ్యాపులో ఖాళీ అని వెళ్తే ఈ పాయని రొయ్యల చెరువులకి ఇచ్చేస్తారు. సాయంత్రం కలెక్టరాఫీసుకి మ్యాపు పంపెయ్యాలి."

ఎవరూ పక్కవాళ్ళ ముఖం చూడలేదు.

సిగ్గు... సిగ్గును మించిన భయం.

మడ అవతల పొక్లెయిన్ చప్పుడు. ఎవరి చెరువుకో గట్టు వేస్తోంది. నిన్నటికన్నా దగ్గరగా ఉంది.

పాయింటు పెడితే — ఊరందరికీ తెలుస్తుంది.

పెట్టకపోతే — పాయే ఉండదు.

వెనక బురద చప్పుడైంది. రావమ్మ గిరుక్కున తిరిగింది. కొమ్మలు తప్పించుకుంటూ తోడికోడలు తెరేసమ్మ. ఆమె చేతిలోనూ ఫోనే.

తెరేసమ్మ ఫోను వెనక్కి దాచబోయి ఆగింది.

"నువ్వూ ఇక్కడేనా అక్కా?"

"నువ్వెప్పట్నుంచే?"

"పెళ్ళయిన కాడ్నుంచీ."

నవ్వు రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ ఒకే పాయలో చేతులు పెట్టి, ఒకే ఇంట్లో అబద్ధాలాడుకున్నారు.

"నువ్వే నొక్కక్కా. పెద్దదానివి."

అమ్మా, క్షమించు.

రావమ్మ నొక్కింది. ఖాళీలో ఎర్ర చుక్క పడింది. దాని పక్కనే తెరేసమ్మది.

అవతల పొక్లెయిన్ ఆగలేదు. పోటు నీళ్ళు బొరియ అంచును తాకాయి. ఇద్దరూ వంగి చూశారు.

బుడగలు ఆగిపోయాయి.

లోపల పీత ఉందో... పోయిందో.