సందులోకి తిరగని తేరు

సకల లోకాలను వాక్కుతో సృజించి, పశువుల పాకలో పసికందువై పవళించిన ప్రభూ! కొయ్యనైన నాకు కాసేపు మాట ప్రసాదించు. నేను చెప్పబోయేది నీ ఇంటి సంగతే.

నేను ఒక తేరును. పల్నాటి మెట్టలో ఒక చిన్న కతోలిక విచారణ గుడి నా నివాసం. తొలి గురువులు గుడి కట్టించగా మిగిలిన టేకు దూలాలతో నన్ను చేయించారు. ఏటా లూర్దుమాత పండుగకు మరియ తల్లిని మోస్తూ రెడ్ల బజారు చుట్టి వస్తాను. మోకులు లాగేది మాలపల్లె విశ్వాసులు. వారి సందు మొగదలకు చేరగానే నన్ను వెనక్కు తిప్పడం ఆచారం. బలిపీఠం ఒకటే, సత్ప్రసాదం ఒకటే. తల్లి వెళ్ళే వీధి మాత్రం ఒకటే కాదు.

మాలపల్లె జోజమ్మ పడుచుదనం నుంచి నా మోకు పట్టిన మనిషి. కాళ్ళు పడిపోయి మంచం పట్టాక ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. కన్నుమూసేలోగా తల్లి తన వాకిట ఒక్కసారి ఆగాలి. కొత్తగా వచ్చిన విచారణ గురువులు, అంటే గుడి ఫాదరుగారు, ఆ మాట పెద్దల ముందు పెట్టారు.

"ఎవరొద్దన్నారు స్వామీ?" అన్నాడు సంఘపెద్ద ఇన్నారెడ్డి. "సందు ఇరుకు. గోడ తగిలి తల్లి కిందపడితే ఆ పాపం ఎవరిది?"

"సందు సంగతి మేం చూసుకుంటాం లెండి," అన్నాడు జోజమ్మ కొడుకు రాయప్ప.

పల్లెవారు తమ అరుగులు తామే పగలగొట్టుకున్నారు. తొలి గునపం జోజమ్మ అరుగు మీదే పడిందని, మోకులు సరిచేస్తూ వారు చెప్పుకోగా విన్నాను.

"అత్తా, ఇంక యాడ కూచుని మా మీద అరుస్తావే?" అందట పొరుగింటి కోడలు.

"మంచంలోంచే అరుస్తా. నీకేం లోటు రానీన్లేవే!"

పండుగ ముందు ఇన్నారెడ్డి తన మొక్కు అంటూ నాకు కొత్త ఇరుసు చేయించాడు. పాతదానికన్నా అది జానెడు పొడవు. ఏమీ ఎరుగని గురువులు దాని మీద తీర్థజలం చల్లి ఆశీర్వదించారు.

పండుగనాడు సందు మొగదల నా చక్రం గోడకు తగిలి నిలిచిపోయింది.

"చూశారా? తల్లికే ఇష్టం లేదు," అన్నాడు ఇన్నారెడ్డి.

రాయప్ప వంగి ఇరుసు మీద జాన పెట్టి చూశాడు. "పచ్చని చెట్టు పెరిగిద్ది రెడ్డిగారా. నరికిన కొయ్య గూడా పెరిగిద్దా?"

గురువులు తల వంచుకున్నారు. సందు లోపలి నుంచి జోజమ్మ గొంతు వినిపించింది. "ఆగిందేందిరా? వస్తందా?"

రాయప్ప మోకు కింద పడేశాడు. తక్కినవారూ పడేశారు. ఆ పూట రెడ్లే నన్ను గుడికి తోసుకువచ్చారు. అప్పటినుంచి నన్ను ట్రాక్టరు లాగుతోంది.

ఈస్టరు పెద్దపండుగ రాకముందే జోజమ్మ శవపేటిక నా పక్కనుంచే సమాధుల తోటకు సాగింది. మోసేవారిలో ఒకడు మెల్లగా అన్నాడు: "పెట్టె యాడా తగల్లేదురా. సందు ఇశాలంగా ఉంది."

ఈ కథ విన్నవారందరినీ దేవుడు చల్లగా చూచుగాక! మీ వాకిలి ఎంత ఇరుకైనా ఆ తల్లి గడప దాకా వచ్చుగాక! మీరు పరులను కొలిచిన కొలతతో ఆయన మిమ్మల్ని కొలవకుండుగాక! ఆమెన్.