నల్ల పెయింటు కింద

“పగిలింది ఇనుము కాదు, నీ పెయింటు. పలచగా వేసుంటావు. ఇంకో పూత వెయ్.”

లొరేటా భర్త వెండెల్ ఈ మాట అన్నది ఏప్రిల్‌లో, రాత్రి భోజనాల దగ్గర, పళ్లెంలోంచి తలైనా ఎత్తకుండా. ఆమె సరేనంది. సరేనని ఊరుకుందా, “సారీ వెండెల్, ఆ రోజు గరాజ్‌లో చలిగా ఉండింది, సరిగ్గా ఆరలేదేమో” అని కూడా కలిపింది. ఇప్పుడు జూన్. శనివారం పొద్దున వంటింట్లో ఉడికిన గుడ్ల పెంకులు ఒలుస్తుంటే ఆ సారీ గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి. పెయింటులో ఏ లోపమూ లేదని తనకి ఆ పూటే తెలుసు. తెలిసి కూడా చెప్పింది.

ఆ పెయింటు వేసింది వెండెల్ తాత కారుకి, ఆయన పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో కొన్నది. అలెగెనీ కొండల్లో పాత కార్ల క్లబ్బు వాళ్లందరి కార్లలోనూ సగం భాగాలు ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చినవే. వెండెల్ కారులో మాత్రం ప్రతి బోల్టూ దానితో పుట్టిందే. అతను అలా చెప్పుకుంటాడు, చెప్పుకుని ఏటా కప్పు గెలుచుకుంటాడు. చలికాలంలో కారు విప్పినప్పుడు భాగాలు కడగడం, తుప్పు గీకడం, రంగు వేయడం లొరేటా పని. దాన్ని ఆ ఇంట్లో పని అనరు, సాయం అంటారు. ప్రదర్శనలో కారు పక్కన పెట్టే బోర్డు మీద “పనులన్నీ సొంతదారు స్వహస్తాలతో చేసినవి” అని ఉంటుంది. ఆ అక్షరాలు కూడా లొరేటా కుదురుగా కూర్చుని రాసినవే.

ఈ ఏడు ఆమె చేతికి స్టీరింగ్ ఆర్మ్ వచ్చింది. జానెడు ఇనుప ముక్క. పైన చక్రం తిప్పితే కింద బండి చక్రాలు తిరిగేది దాని పుణ్యాన. అలాంటివాటిని కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, పైన టాల్కం పౌడరు చల్లి చూడాలి. ఎక్కడైనా నెర్ర ఉంటే అందులో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా ఊరి పౌడరు మీద గీత పడుతుంది. గీత పడింది. వెండెల్ దాన్ని తనే వెల్డింగ్ చేసి, నున్నగా సానబట్టి, “ఇక రంగెయ్” అన్నాడు.

“క్లబ్బులో గోర్డీ ఏమన్నాడో గుర్తుందా? ఇలాంటివాటికి అతుకు పెడితే పక్కన ఇనుము పెళుసవుతుందట. అతని షెడ్డులో మంచిది ఒకటి ఉందన్నాడు, అడగకూడదూ?” అంది లొరేటా.

“వాడి ముందు చెయ్యి చాచమంటావా? ప్రాణం పోయినా అడగను. రేపట్నుంచి నా కారు చుట్టూ తిరిగి ఇది నాది, అది నాది అని అందరికీ చూపిస్తాడు. నీకు కార్ల సంగతి తెలీదులే లొరీ.”

ఎవరి ప్రాణమని ఆమె అడగలేదు. రంగేసింది. ఏప్రిల్‌లో కారు తుడుస్తుంటే అతుకు పక్కనే వెంట్రుక సన్నాన మరో గీత. వెండెల్ ఇంట్లో లేనప్పుడు అక్కడ రంగు గీకి, కిరసనాయిలు పట్టించి, పౌడరు చల్లి మరీ చూసుకుంది. పగులే. చెప్పింది. చెబితే వచ్చిన జవాబే పెయింటు పలచన. రెండో పూత ఎంత అందంగా వేసిందంటే ఆ గీత ఎక్కడుందో తనకే కనబడకుండా పోయింది.

అసలు సిగ్గు అది కూడా కాదు. మే నెలలో క్లబ్బు విందులో వెండెల్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, “ఈ అద్దంలాంటి నలుపు ఎవరిదనుకున్నారు? మా లొరీ చేతిది!” అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో పదిమందిలో అతను ఆమె పనిని ఆమెదని చెప్పడం అదే మొదలు. అందరూ చప్పట్లు కొట్టారు. లొరేటా పెళ్లికూతురిలా సిగ్గుపడింది. ఆ రాత్రంతా ఆ మాటే మళ్లీ మళ్లీ తలుచుకుని మురిసిపోయింది. ఒక్క మెప్పు మాట పడేస్తే నోరు కుట్టేసుకుంది. ఇంత చవగ్గా అమ్ముడుపోయే మనిషినా నేను, అని ఇప్పుడు గుడ్లు రెండుగా కోస్తూ అనుకుంటుంటే తల కొట్టేసినట్టయింది.

ఈవేళ క్లబ్బు వాళ్లంతా అగ్నిమాపక కేంద్రం దగ్గర బయల్దేరి, రిడ్జ్ రోడ్డు మలుపులన్నీ దిగి, ఏటి ఒడ్డున భోజనాలు చేస్తారు. ఆడవాళ్లు ఆ కాలపు గౌన్లు, టోపీలు వేసుకుని భర్తల పక్కన కూర్చోవాలి. వెండెల్ ముందే కారు తీసుకెళ్లాడు. మనవరాలు బ్రిన్‌ని కూడా ఎక్కిస్తానని వారం నుంచీ ఊరిస్తున్నాడు. దానికోసం కుట్టిన చిన్న టోపీ బల్ల మీద ఉంది. లొరేటా చేతులు కడుక్కుని కోడలికి ఫోన్ చేసింది.

“టెస్, బ్రిన్‌ని పంపకు.”

“అయ్యో, అది పొద్దున్నే లేచి తయారై కూర్చుంది. ఏమైందీ?”

“ఏం లేదు. కారు అంత బాలేదు. స్టీరింగ్ దగ్గర... చెప్తాలే తర్వాత. మీ మామగారికి మాత్రం ఒంట్లో బాలేదని చెప్పు.”

“మరి మీరు ఎక్కుతున్నారా అందులో?” అంది టెస్.

“నాదేముందిలే,” అంది లొరేటా.

అనేసి ఫోన్ పెట్టేసింది. బిడ్డ బయటపడింది, హమ్మయ్య అనుకుంది. గుడ్లు డబ్బాలో సర్దింది, బంగాళదుంపల సలాడ్ మీద మూత పెట్టింది, గౌను తొడుక్కుంది. తన కారు నడుపుకుంటూ సగం దారి వెళ్లాక గానీ తనన్న మాట తనకి వినబడలేదు. నాదేముందిలే. రొట్టె మాడిన ముక్క తను తీసుకున్నప్పుడూ అదే మాట, డాక్టరు దగ్గరికి రేపు వెళ్దామన్నప్పుడూ అదే మాట. పిల్ల ప్రాణానికైతే క్షణంలో ఫోన్ దొరికింది, అబద్ధం దొరికింది, ధైర్యం దొరికింది. తన ప్రాణానికి రెండు నెలలుగా ఒక్క మాట దొరకలేదు. ఎక్కి కూర్చోడానికి టోపీ కూడా పెట్టుకుని మరీ వెళ్తోంది. వెండెల్ తనని లెక్క చేయకపోవడం పాత సంగతే. తనని తను కూడా లెక్కలో వేసుకోలేదన్నది కొత్త. ఎవరూ చూడని ఆ కారులో ఆమెకి ముఖం దాచుకోవాలనిపించింది.

అక్కడికి చేరేసరికి కార్లన్నీ వరసలో నిలబడి గుర్రుమంటున్నాయి. వెండెల్ చక్రం వెనక కూర్చుని చెయ్యి ఊపాడు.

“పిల్లకి జ్వరమట, టెస్ ఇప్పుడే చెప్పింది. పోన్లే, మనిద్దరమే. ఎక్కు, అందరూ మనకోసమే ఆగారు.”

లొరేటా బుట్ట కింద పెట్టింది. ముందు కారు తలుపుకి ఆనుకుని గోర్డీ నిమ్మరసం తాగుతున్నాడు.

“గోర్డీ,” అని గట్టిగానే పిలిచింది. “నీ షెడ్డులో ఆ స్టీరింగ్ ఆర్మ్ ఇంకా ఉందా?”

“లొరీ, ఏమిటది? నోరు మూసుకుని ఎక్కు,” అన్నాడు వెండెల్ పళ్ల మధ్య నుంచి, నవ్వు ముఖం చెదరకుండా.

గోర్డీ గ్లాసు దించాడు. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. లొరేటాకి ముఖం మండిపోతోంది, నేల చీలితే బావుండుననిపిస్తోంది. అయినా కదల్లేదు.

“ఉందిగా. ఎవరి కారుకి?” అన్నాడు గోర్డీ.

“నేనెక్కే కారుకి,” అంది లొరేటా.